ఒక గుక్క తాగి చూపించండి

మా బావ, అంటే మా అక్క మొగుడు, బాగేపల్లి దగ్గర తన నాలుగెకరాల్లో ఆరు బోర్లు వేయించాడు. అందులో ఐదు మొదటి రోజు నుంచే దుమ్ము కక్కాయి. ఆరోది రెండేళ్ళు నీళ్ళిచ్చింది. మా బావ చేత మల్బరీ నాటించి, పట్టుపురుగుల షెడ్డు కట్టించి, రెండు సీమావులను కొనిపించి, ఇక ఈ మనిషికి ధైర్యం వచ్చిందని రూఢి చేసుకున్నాక, ఒక ఎండాకాలం పొద్దున గుర్రుగుర్రుమని రెండు దగ్గులు దగ్గి ప్రాణం విడిచింది. ఆ బోర్ల లోతు నేను చెబితే ఎవరూ నమ్మరు. పన్నెండు వందల అడుగుల దగ్గర ఆపేశారని బావ అంటాడు. ఇంకో పది పైపులు దించి ఉంటే భూగోళానికి అవతల ఎవరి పెరట్లోనో తేలి, వాళ్ళు మమ్మల్ని పాస్‌పోర్టు చూపించమని అడిగేవాళ్ళని నా నమ్మకం. పైనుంచి చూస్తే అది పొలం. పాతాళంలో నిలబడి తలెత్తి చూసేవాడికి మాత్రం జల్లెడ.

నేను ఆ దుమ్ములో పుట్టినవాణ్ణే అయినా త్వరగా తప్పించుకున్నాను. చిక్కబళ్ళాపురలో ఒక సర్కారు కచేరిలో అర్జీల మీద ముద్రలు కొట్టే ఉద్యోగం నాది. ఇరవయ్యేళ్ళుగా కొడుతున్నాను. నా కుడి భుజం ఎడమ భుజం కంటే రెండంగుళాలు కిందికి దిగిపోయింది. చేతిలో ముద్ర ఉన్నవాడికి లోకంలోని రూల్సన్నీ తెలిసి ఉంటాయని మా బావ గట్టి నమ్మకం. రేషన్ కార్డు నుంచి రైలు బెర్తు వరకు ఏ సందేహమొచ్చినా "మా బామ్మర్దిని అడగండప్పా, ఆయప్పకు అన్నీ తెలుసు" అంటాడు. నాకు తెలిసినవి నాలుగు. మిగతావి తెలియవని నేనెప్పుడూ ఆయనకు చెప్పలేదు. గౌరవం ఊరికే వస్తున్నప్పుడు వద్దనేంత గొప్పవాణ్ణి కాను.

కిందటేడు మే నెలలో, రెండు కుటుంబాలూ కలిసి ఎక్కడికైనా తిరిగి వద్దామని మా ఆవిడ పట్టుబట్టింది. పిల్లలు వాళ్ళ కాలేజీల్లో వాళ్ళున్నారు. మేం నలుగురం మిగిలాం. మా ఆవిడ కాశ్మీర్ అంది. మా అక్క తిరుపతి అంది. మా అక్కను చంద్రమండలానికి తీసుకుపోతామన్నా దారిలో తిరుపతి తగులుతుందా అనే అడుగుతుంది. అప్పుడు బావ, రాగి ముద్ద తుంచి సారులో ముంచినవాడు, చెయ్యి కంచంలోనే ఆపి, "వాన బాగా పడే ఊరు యాడుండాదప్పా?" అన్నాడు.

మేం ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆయన నవ్వలేదు.

"నవ్వాకండి. చిన్నప్పుడు శాలెలో చదివిచ్చినారు కదా. చిరపుంజి. అది నిజంగా ఉండాదా, లేకుంటే మనల్ని పరీక్షలో ఫెయిల్ చేసేకి పెట్టినారా?"

అలా మేం చిరపుంజి పోయాం. జనం మంచు చూడడానికి విమానమెక్కుతారు, సముద్రం చూడడానికి ఎక్కుతారు. వాన చూడడానికి టికెట్టు కొని ఎక్కినవాళ్ళు మానవజాతిలో మేమే మొదటివాళ్ళమని ఏ కోర్టులోనైనా ప్రమాణం చేస్తాను.

వాన ఉంది. నిజంగానే ఉంది. మేం దిగిన జూన్ నెలలో అక్కడ ఆకాశం నుంచి పడుతున్నది చినుకులు కాదు, బిందెలు. మూడు రోజుల్లో నా బట్టలు ఒక్క గంట కూడా ఆరలేదు. నాలుగో రోజుకు నా బొటనవేళ్ళ మధ్య నాచు మొలిచిందంటే మా ఆవిడ "మీ అబద్ధాలకే మొలిచింటాది" అంది. చూడాల్సిన జలపాతాలేవీ మాకు కనపడలేదు, అడ్డంగా వాన ఉంది. మేం దిగిన ఇంటి యజమానికి ఎండ కాసిందంటే పండగ. మా బావ వరండా దాటి వానలో నిలబడి, తల పైకెత్తి, కళ్ళు మూసుకుని అరగంటసేపు అలాగే ఉండిపోతే, ఆయనకేదో జబ్బనుకుని ఆ మనిషి గొడుగు పట్టుకొని పరుగెత్తాడు.

బావ ఊరికే నిలబడలేదు. ఆయన వచ్చిన పని వేరే ఉంది. అది మాకు అక్కడే, మొదటి రోజు సాయంత్రం చెప్పాడు.

బయల్దేరే ముందు వారమే నీళ్ళు చూసేవాణ్ణి పిలిపించి పొలమంతా నడిపించాడట. తూర్పు గట్టు పక్కన ఆ మనిషి అరచేతిలో టెంకాయ లేచి నిలబడిందట. అక్కడ ఏడో బోరు. అదే ఆఖరు. "ఇదొగటి చూస్తా. వస్తే మల్లా మల్బరీ. రాకుంటే నేల గుత్తకిచ్చేసి, చింతామణి మార్కెట్లో టమాట బాక్సులు మోస్తా" అన్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. తన పొలంలో తప్ప ఇంకెక్కడా కూలి పని చెయ్యనివాడు. చెబుతున్నప్పుడు మా అక్క నేల చూపులు చూస్తూ కూర్చుంది.

మా వైపు బోరు వేసే రోజున ఒక పద్ధతుంది. బోరు బండి గుంజ దించక ముందు, టెంకాయ నిలబడిన చోట పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కోసి, నీళ్ళున్న చోటు నుంచి తెచ్చిన ఒక చెంబెడు నీళ్ళు అక్కడ పోస్తారు. ఆ నీళ్ళను ఎవరూ తాగి ఉండకూడదు. ఎంగిలి పడితే అంతే సంగతులు. నేల మీద పెట్టకూడదు, చెప్పుల పక్కన ఉంచకూడదు. కొందరు తలకావేరి నుంచి తెస్తారు. తెచ్చుకోలేనివాళ్ళు పక్క పొలం బోరు నుంచి పట్టుకుంటారు. మా బావ ఆరు సార్లు ఆరు చోట్ల నుంచి తెచ్చాడు. ఒకసారి పక్క పొలం వాళ్ళ బోరు నీళ్ళు పోస్తే, మరుసటి నెల వాళ్ళ బోరే ఎండిపోయింది. వాళ్ళు ఈ రోజుకీ మాతో మాట్లాడరు.

"ఎండిపోయే నీళ్ళు తెచ్చి పోస్తే లోపలుండేవి ఎట్ల వస్తాయి బామ్మర్దీ? ఈ తూరి నీళ్ళు పుట్టే చోటి నుంచే తీసుకుపోతా. వాటిని చూస్తే అడుగునుండేటివి కూడా ఆశపడి లేస్తాయి" అన్నాడు.

నేను ఈ పద్ధతులు నమ్మను. ఆ రోజూ నమ్మలేదు. కానీ వేళాకోళం చెయ్యడానికి నోరు తెరిచి, ఆయన మొహం చూసి, ఆవలించినట్టు నటించి మూసేశాను.

చింతామణిలో కొన్న కొత్త స్టీలు సీసా, లీటరుది, వెడల్పు మూతిది, ఆయన సంచిలోంచి బయటికి వచ్చింది. దాని మెడకు పసుపు దారం. కప్పు మీద నుంచి జారిన వాన పనికిరాదట, కాకులు తిరిగుంటాయి. తిన్నగా ఆకాశం నుంచే పట్టాలి. కొత్త పంచె మడత విప్పి నాలుగు కొసలూ నలుగురం పట్టుకుని వానలో నిలబడ్డాం. నడుమ పల్లంలో నీళ్ళు నిండి, అడుగు నుంచి కారి, బావ రెండో చేత్తో పట్టిన సీసాలో పడతాయి. దూరం నుంచి చూసేవాళ్ళకు మేం ఎవరినో అంత్యక్రియలకు మోసుకుపోతున్నట్టు ఉండి ఉంటుంది. సీసా నిండేసరికి నాకు తుమ్ములు నూటపదహారు. బావ మూత బిగించి, సీసాను రెండు చేతులా గుండెకు ఆనించుకుని లోపలికి వచ్చాడు. మా అక్క పెళ్ళి రోజున కూడా ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. పెళ్ళి ఫోటోలే సాక్ష్యం.

తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయం గుమ్మంలోనే తగువు మొదలైంది. పెద్ద పెట్టెల్లో పెట్టి పంపేద్దామన్నాను నేను.

"చెప్పులున్నాయి దాంట్లో. నీ డ్రాయర్లుండాయి. ఆటి పక్కన పెట్టమంటావా?" అన్నాడు బావ.

"అయితే చేతి సంచిలో పెట్టుకో."

"పోనిస్తారా?"

"నేనుండా కదా బావా."

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. వచ్చే ముందే ఫోనులో రూల్సన్నీ చదివాను. దేశంలో తిరిగే విమానాల్లో తాగే నీళ్ళ సీసాను చేతిలో తీసుకుపోనిస్తారని ఒకచోట ఉంది. దాని కిందే, అడిగితే ఒక గుక్క తాగి చూపించాల్సి రావచ్చని ఉంది. ఆ కింది వాక్యం నేను బావకు చెప్పలేదు. చెప్పి ఉంటే పెట్టెకు తాళం పడక ముందే ఏదో ఒక దారి చూసుకునేవాళ్ళం. ఏ గుడ్డలోనో చుట్టి, విడిగా ఒక డబ్బాలో పెట్టి పంపేవాళ్ళం. కానీ 'రావచ్చు' అన్న ఒక్క మాటకు జంకితే రూల్స్ తెలిసిన బామ్మర్ది పరువేం కావాలి?

తనిఖీ వరుస కొండచిలువలా ఐదు మెలికలు తిరిగి ఉంది. మా ముందు ఉన్నవాళ్ళందరూ నడుం పట్టీలు, గడియారాలు, ఫోన్లు తీసి ప్లాస్టిక్ తొట్లలో పడేస్తున్నారు. మా ఆవిడ వంతు ముందొచ్చింది. ఆమె సంచిలో అక్కడ కొన్న తేనె సీసా, వెదురు మొలకల పచ్చడి ఉన్నాయి. రెండూ పోయాయి. పచ్చడి ద్రవమట. టూత్‌పేస్టు ద్రవమట, తల నూనె ద్రవమట. ఆ లెక్కన మా ఇంట్లో చేసే ఉప్మా కూడా ద్రవమేనని నేనంటే, తేనె పోయిన కోపంలో ఉన్న మా ఆవిడ చూసిన చూపుకు పక్కనున్న మిషను దానంతటదే కూసింది.

తర్వాత బావ. సీసాను తొట్లో పెట్టమన్నారు. ఆ తొట్లో ఒక్క నిమిషం ముందే ఎవరో బూట్లు పెట్టారు. బావ చూశాడు. తన భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, తొట్లో పరిచి, దాని మీద సీసాను నిలబెట్టి, పడుకోబెట్టొద్దని చేత్తో సైగ చేశాడు. అది మిషను లోపలికి పోతుంటే చంటిబిడ్డను ఆపరేషనుకు పంపినవాడిలా వెంట నడిచాడు.

అవతల సీసా పక్కకు తోసి ఉంది. దాని దగ్గర యూనిఫాంలో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. నెరిసిన మీసం, ఓపికగల కళ్ళు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎంత వెతికినా దొరకలేదు. అదే నా బాధ.

ఏముందని హిందీలో అడిగాడు. నీళ్ళన్నాను. మూత తీసి ఒక గుక్క తాగి చూపించి, తీసుకుపొమ్మన్నాడు. అంతే. అంత చిన్న మాట.

నేను తెలుగులో చెప్పేసరికి బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"తాగమంటాండాడా?"

"ఒగ గుక్కే బావా."

"ఒగ గుక్కైతే ఎంగిలి కాదా? నీకు తెలుసు కదప్పా. నువ్వే చెప్పు ఆయప్పకు."

నా హిందీ టీవీ ప్రకటనల్లో నేర్చుకున్నది. సబ్బులు, పప్పుదినుసుల విషయం వస్తే నన్ను మించినవాడు లేడు. బోరు పూజ విషయం దాంట్లో రాలేదు. ఇది దేవుడి నీళ్ళని చెప్పాను. ఆ పెద్దమనిషి కళ్ళకద్దుకున్నంత గౌరవంగా, అయితే ఇంకా మంచిది, తీర్థంలా పుచ్చుకొమ్మనండి అన్నాడు.

"పూజ అయినంక కదా తీర్థం! ముందే తాగితే ఏం పూజ అది?" అన్నాడు బావ. ఆయన గొంతు లేచింది. ఆ హాల్లో ఉన్న ముప్పైమంది తలలు తిప్పారు. నేను మూడు వేలమంది అని రాద్దామనుకున్నాను, నాకు అలాగే అనిపించింది.

తన నీళ్ళు తాను తాగనంటున్న మనిషిని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పెద్దమనిషి కళ్ళలో ఓపిక తగ్గింది. ఇంకొకాయన వచ్చాడు. సీసాను చేతిలోకి తీసుకుని ఊపి చూశాడు. మెడకున్న పసుపు దారాన్ని వేలితో లాగి చూశాడు. తాగకపోతే ఇక్కడ వదిలేసి పొమ్మన్నాడు. పక్కనే నల్లటి చెత్త డ్రమ్ము ఉంది. దాంట్లో మా ఆవిడ తేనె అప్పటికే చేరింది. మా విమానం వాళ్ళు రెండోసారి పిలుస్తున్నారు.

"మల్లా వస్తా. ఇంగో సీసా పట్టుకొని మల్లా వస్తా" అన్నాడు బావ. ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలియదు. మళ్ళీ వచ్చే పరిస్థితి మాలో ఎవరికీ లేదని నలుగురికీ తెలుసు.

దారి చూపించింది మా అక్క. "ఎత్తి పోసుకుంటే ఎంగిలి కాదు కదా. మూతి తగలకుండా ఎత్తి పోసుకో" అంది.

బావ ఆలోచించాడు. "నేను తాగకూడదు. పోసేటోణ్ణి నేను." నా వైపు తిరిగాడు. "బామ్మర్దీ, నువ్వు ఎత్తి పోసుకో. నీ చేతికిస్తాండా. తగలనియ్యొద్దు."

రెండు చేతులా ఇచ్చాడు. నేను ఒంటి చేత్తో తీసుకున్నాను.

మూత తీశాను. సీసా అంచు దాకా నిండి ఉంది. మామూలుగా తల వెనక్కి వంచి, చెయ్యెత్తి, ఒక గుక్క పోసుకుని దించేస్తే అయిపోయేది. మా ఊళ్ళో మూడేళ్ళ పిల్లలు ఆ పని చేస్తారు. కానీ చుట్టూ జనం చూస్తున్నారు. ఆ బిగిసిపోయిన మొహాలను వదులు చెయ్యడం నా ధర్మమనిపించింది. ముద్రలు కొట్టే కచేరిలో కూడా అదే నా పేరు: సమయం సందర్భం చూడకుండా నవ్వించేవాడు. సీసాను నెత్తి మీదికి ఎత్తి, "చూసుకోండి, చిరపుంజి జలపాతం" అని హిందీలో అన్నాను. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వినగానే నా నోరు కూడా సాగింది. సాగిన నోట్లోకి నీళ్ళు సరిగ్గా పడవు. ధార ముక్కులోకి పోయింది. పొరబోయింది. దగ్గు తన్నుకొచ్చింది. చెయ్యి కిందికి జారింది.

స్టీలు అంచు నా కింది పెదవికి చల్లగా తగిలింది.

ఈ జీవితంలో నేను పెంచకుండా, తగ్గించకుండా చెప్పిన వాక్యం బహుశా అదొక్కటే.

కళ్ళు తుడుచుకుని చూస్తే పెద్దమనిషి నవ్వుతూ పొమ్మని చెయ్యూపుతున్నాడు. బావ ఆ క్షణంలో ఇటు చూడలేదు. నేను సీసా ఎత్తినప్పుడే ఆయన చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు తెరిచి అడిగాడు.

"తగల్లేదు కదా?"

"లేదు బావా" అన్నాను. తడుముకోలేదు. ముద్ర కొట్టినంత వేగంగా అన్నాను.

ఆయన సీసా మూత బిగించి కళ్ళకద్దుకున్నాడు. "నువ్వు లేకుంటే ఏమైపోయేదప్పా" అన్నాడు. విమానంలో సీసాను సీటు కిందే పెట్టాలన్నారు. కాళ్ళ దగ్గరా అని మళ్ళీ తగువు. చివరికి పైన అరలో, నా కొత్త శాలువా పరుపుగా వేయించి పడుకోబెట్టాడు. దిగేముందు కిటికీలోంచి నంది కొండ కనిపించింది. దాని చుట్టూ నేలంతా ఎండిన రొట్టె రంగులో ఉంది. బావ మాత్రం కొండను చూడలేదు, పై అరనే చూస్తున్నాడు.

ఇంటికొచ్చిన పదో రోజు బోరు బండి వచ్చింది. నేను కచేరికి సెలవు పెట్టి బాగేపల్లి వెళ్ళాను. పొద్దున ఎనిమిదికే పూజ అయింది. బావ స్నానం చేసి, తడి పంచెతో, సీసా మూత విప్పి ఒక్క చుక్క పక్కకు పోకుండా టెంకాయ నిలబడిన చోట పోశాడు. నేల ఆ లీటరునూ కనురెప్ప కొట్టేలోగా మింగేసింది. బండి మోత మొదలైంది. మా జిల్లాలో పుట్టినవాళ్ళకు ఆ మోత తల్లి గొంతు కంటే ఎక్కువ పరిచయం.

వంద అడుగులు, రెండు వందలు, నాలుగు వందలు. తెల్లటి దుమ్ము లేచి మల్బరీ మోళ్ళ మీద, ఆవుల వీపుల మీద, మా తలల మీద పడుతోంది. ఆరువందల దగ్గర రాయి తడిగా కనబడిందని బండివాడంటే బావ ఆ మట్టిని పిడికిట్లోకి తీసుకుని పిసికి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ పిసికి చూశాడు. తర్వాత ఎనిమిది వందల వరకు పిండిలాంటి దుమ్మే.

మధ్యాహ్నం మా అక్క వంటింట్లో బండివాళ్ళకు టీ కాస్తోంది. గ్లాసులు అందుకుందామని నేను వెళ్ళాను. స్టవ్ వైపే చూస్తూ అంది.

"నేను చూసినా."

"ఏమి?"

"ఆ పొద్దు. నీ మూతి తగిలింది."

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు లేదు. "ఇప్పుడే పోయి చెప్పేస్తానక్కా" అన్నాను.

అప్పుడు ఇటు తిరిగింది. "చెప్పొద్దు. చెప్తే తప్పు నీళ్ళదంటాడు. మల్లా చిరపుంజి అంటాడు, ఇంగో బోరు ఏపిస్తాడు. ఇంగోటి ఏపిస్తే ఈ ఇల్లు కూడా ఉండదు. నీళ్ళు మంచివే అనుకుంటేనే ఈడికి చాలిస్తాడు."

"మరి తప్పు ఎవరిదనుకుంటాడు?"

"తనదనుకుంటాడు" అంది. టీ వడపోసింది. "అనుకోనీ. బతికుంటాడు కదా."

వెయ్యి అడుగుల దగ్గర బండివాడు బావ వైపు చూశాడు. ఇంకా దించాలా అని. బావ నా దగ్గరికి నడిచొచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా ఉన్నాడు. కనురెప్పలు కూడా తెల్లగానే ఉన్నాయి. మా అక్క టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఆయన వెనక నిలబడింది.

"ఒగటి అడుగుతా బామ్మర్దీ, నిజం చెప్పు. నేను కండ్లు మూసుకున్నా ఆ పొద్దు. తగిలిందా?"

అవునంటే ఆయన మనసు తేలికయ్యేది. అది నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ తెల్లటి మొహం అవునని అనమని బతిమాలుతోంది. నేను నమ్మని పద్ధతిలో నేను తప్పు చేశానని ఒప్పుకుంటే, ఆయన తప్పు లేకుండా పోతుంది. పళ్ళెం మీద గ్లాసులు సన్నగా మోగాయి.

"తగల్లేదు బావా."

"అదే అనుకుంటి" అన్నాడు. తన కుడిచేతిని తిప్పి అరచేతిని చూసుకున్నాడు. "నీళ్ళదేమీ తప్పు లేదు. నా చెయ్యే అట్లాంటిది." బండి వైపు తిరిగి, పైపులు తీసేయమని చెయ్యూపాడు.

పొలం గుత్తకు పోయింది. ఆవులు పోయాయి. బావ ఇప్పుడు చింతామణి టమాట మార్కెట్లో పని చేస్తున్నాడు. సీజనులో రోజుకు ఎన్ని బాక్సులు మోస్తాడో చెబితే నేను పెంచి చెబుతున్నానంటారు కాబట్టి చెప్పను. మొన్న అక్కడే మా బంధువుల పెళ్ళిలో కలిశాడు. భోజనాల వరుసలో నా పక్కనే కూర్చున్నాడు. చొక్కా భుజాల దగ్గర ఎర్రటి మరకలు, ఎన్ని ఉతుకులు ఉతికినా పోనివి.

ఎదురు వరుసలో ఒక ముసలాయన, వరసకు మామ, ఉన్నట్టుండి నన్ను పట్టుకున్నాడు. "ఏమప్పా, మీ బావ వానదేవుడి నీళ్ళు తెస్తే నువ్వు దోవలో దప్పికైతాందని తాగేస్తివంట కదా? అందుకే బోరు ఎండిందని ఊరంతా చెప్పుకుంటాండారు."

నేను నోరు తెరిచేలోగా బావ లేచాడు. చేతిలో ముద్ద అలాగే ఉంది. "ఎవురన్నారు మామా? నేను పక్కనే నిలబడుకొనుంటి. మా బామ్మర్ది ఎత్తి పోసుకున్నాడు. జానెడు ఎత్తు కాదు, మూరెడు. మూరెడు పైనుంచి పోసుకున్నాడు. పోలీసోళ్ళే ముక్కున వేలేసుకున్నారు. నా కండ్లారా చూసినా!"

అబద్ధమాడడం చేతకాని మనిషి. కళ్ళు మూసుకుని నిలబడినవాడు. నా కోసం, నిండు పంక్తిలో, కళ్ళారా చూశానంటున్నాడు.

"అట్లనా అప్పా?" అని ముసలాయన నా వైపు చూశాడు.

వడ్డించేవాళ్ళు సారు బకెట్టుతో నా ముందు ఆగారు. వరుసంతా చూస్తోంది. బావ ఇంకా కూర్చోలేదు.

"అవును మామా. మూరెడు" అన్నాను.